ఆపరేషన్ తెల్ల మిరియాలు

“ఈ మిషన్ నీది కాదు సూదీ. మీ ఆయనది.”

ఆ మాట అనేసి చీఫ్ కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ల ముఖం చూడటం ఇష్టం లేనప్పుడు ఆయన చేసే పని అది.

సోమవారం ఉదయం తొమ్మిదీ పది. బయట ‘తూనికలు, కొలతల తనిఖీ కార్యాలయం’ అని బోర్డున్న పాత బిల్డింగులో మూడో అంతస్తు. కిటికీలకు దళసరి తెరలు. బల్ల మీద ఒకే ఒక్క ఫైలు. పదహారేళ్లుగా ఆమె ఆ గదిలోనే బ్రీఫింగ్ తీసుకుని బయల్దేరేది, పని ముగించుకుని ఆ గదికే తిరిగొచ్చేది. నర్సుగా, టూరిస్టు గైడుగా, ఒకసారి మీసాలు అంటించుకుని ట్రక్కు డ్రైవరుగా సరిహద్దులు దాటింది. దిగిన చప్పుడు తెలియకుండా దిగుతుందని డిపార్ట్‌మెంట్ ఆమెకు పెట్టిన కోడ్‌నేమ్ సూది.

“మా ఆయన కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్ సార్. బొద్దింక కనిపిస్తే స్టూలెక్కుతారు.”

“ఇంట్లో ఎర్ర గొడుగు చికెన్ చేస్తాడట కదా.”

‘ఎర్ర గొడుగు’ ఒక ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ. మూడేళ్ల కిందట దేశంలో షాపులన్నీ మూసేసి పోయింది. దాని వేపుడు చికెన్‌కి పట్టించే మసాలా ఏమిటో బయటివాళ్లకు తెలియదు. ఆ షాపు మూసిన నెల నుంచీ ఆమె భర్త ఆ రుచిని ఇంట్లో పట్టుకోవాలని కూర్చున్నాడు. మిల్లీగ్రాముల్లో తూచడం, వేయించడం, నోట్‌బుక్‌లో రాయడం, కొట్టేయడం. ఏది చేసినా తూచి చేస్తాడని కాలేజీ పిల్లలు అతనికి పెట్టిన పేరు త్రాసు. ఆ పిచ్చి తనకూ డిపార్ట్‌మెంట్‌కూ మధ్యకు వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

చీఫ్ ఫైలు తెరిచాడు. బట్టతల, డేగముక్కు, బొటనవేలికి లావుపాటి ఉంగరం ఉన్న మనిషి ఫోటో.

“గద్ద,” అంది సూది.

“గద్దే. ఆ ఉంగరం రాయి కింద మెమరీ చిప్ ఉంది. విదేశాల్లో పనిచేస్తున్న మన ఏజెంట్లు నలభై ముగ్గురి పేర్లు, వాళ్ల పిల్లలు చదివే స్కూళ్లతో సహా. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు హార్బరులో ఒక ఓడ కెప్టెన్‌కి అది చేతులు మారుతుంది.”

“రెయిడ్ చేద్దాం.”

“ఉంగరంలో ట్రాన్స్‌మిటర్ ఉంది. వాడు రాయి మీద వేలు పెట్టి నొక్కితే చాలు, పేర్లన్నీ గాల్లో ఓడకు చేరిపోతాయి. వాడి వేలిముద్రకే పనిచేస్తుంది. అది వాడి దగ్గర ఉన్నంతసేపు వాణ్ని ముట్టుకోలేం. వాడు దాన్ని స్నానంలో తీయడు, నిద్రలో తీయడు. అన్నీ ఫోర్కుతోనే తింటాడు. ఒక్కటి మాత్రం ఉంగరం తీసి పక్కన పెట్టి, రెండు చేతులతో తింటాడు.”

“ఎర్ర గొడుగు చికెన్.”

“కుర్రతనంలో ఆ షాపులో పళ్లేలు కడిగాడట. షాపు పోయాక ఆరుగురు వంటవాళ్లను పరీక్షించాడు. మొదటి కొరుకు కొరికి, ఇది కాదు అని మూతి తుడుచుకున్నాడు. ఏడోవాడు మీ ఆయన. అక్కడ మనకు లోపలి మనిషి ఉంది. నెమలి.”

నెమలి పేరు సూది వింది. గద్ద దగ్గర పర్సనల్ సెక్రటరీ, రెండేళ్లుగా ఈ డిపార్ట్‌మెంట్‌కి డబుల్ ఏజెంట్. “నెమలి మీ ఇంటికొచ్చి మీ ఆయనకు ట్రైనింగ్ ఇస్తుంది,” అన్నాడు చీఫ్. “నువ్వు వ్యానులో కూర్చుని వింటావు. అంతే.”

ఆ సాయంత్రం సూది భర్తకు నిజం చెప్పింది. తొమ్మిదేళ్ల కాపురంలో మొదటిసారి. త్రాసు ఉల్లిపొడి సీసా మూత బిగిస్తూ విన్నాడు.

“తూనికల ఇన్‌స్పెక్టర్‌వి కాదని పెళ్లైన రెండో నెల్లోనే తెలుసు,” అన్నాడు. “మన ఇంట్లో త్రాసు వైపు ఒక్కసారి కూడా చూడలేదు నువ్వు.”

“మరి అడగలేదేం?”

“అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుంది కదా నీకు. ఎందుకు శ్రమ.”

*

మంగళవారం మూడింటికి నెమలి వచ్చింది. పచ్చటి పట్టు గౌను, మోచేతుల దాకా గ్లవ్స్. ఆ సన్నటి వంటింట్లో ఆమె నిలబడితే గ్యాస్ సిలిండర్ కూడా కాస్త ఒదిగినట్టు అనిపించింది సూదికి. గ్లవ్స్ తీసి, పక్కన పెట్టి, నెమలి ఒక ముక్క కొరికింది. కళ్లు మూసుకుంది. తొందరపడకుండా నమిలింది.

“మాస్టారూ,” అంది కళ్లు తెరవకుండానే, “వాసన అదే. పైపొర అదే. కానీ నాలుక చివర ఒకటి తగ్గింది. చిన్న చేదు. పచ్చి కాడ కొరికితే వస్తుందే, అలాంటిది.”

త్రాసు చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. “సెలరీ గింజలు,” అన్నాడు. “అయ్యో. నేను ఆకు పొడి వేస్తున్నాను. గింజ నూరాలి.”

నూట పద్దెనిమిది ప్రయత్నాల్లో దొరకనిది ఒక్క కొరుకులో దొరికింది. అతను నోట్‌బుక్ మీద వంగి, మొహం వెలిగిపోతుంటే రాసుకుంటున్నాడు. సూది గుమ్మం దగ్గరే నిలబడి చూసింది.

ఆ నూట పద్దెనిమిది సార్లూ అతను ఆమెనే అడిగాడు, ఎలా ఉందని. ఆమె ప్రతిసారీ ఫోను చూస్తూనో, సూట్‌కేసు సర్దుకుంటూనో “బాగుంది” అంది. ఒక్కోసారి ముక్క నోట్లో పెట్టుకోకముందే అంది. ఇప్పుడు ఎవరో పట్టుగౌను మనిషి వచ్చి, ‘బాగుంది’ అనకుండా, ఏం తగ్గిందో చెప్పింది. పైగా మాస్టారూ అంది. కాలేజీలో ప్రిన్సిపాల్ అతన్ని ‘ఓయ్ ల్యాబ్’ అంటాడు. మాస్టారూ అన్నవాళ్లు భూప్రపంచంలో లేరు.

బుధవారం, గురువారం, శుక్రవారం ఇదే వరస. అతను తెల్ల మిరియాలు, నల్ల మిరియాలు ఎంతెంత పాళ్లో, ఆవపొడి ఎందుకు కనపడకుండా ఉండాలో, పిండిలో నాలుగు చెంచాల మజ్జిగ చిలకరించి పలుకులు కట్టిస్తే పైపొర ఎలా విచ్చుకుంటుందో చెబుతుంటే, నెమలి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. “ఎంతసేపు నానాలి మాస్టారూ?” “నూనె వేడి ఎంతుండాలి మాస్టారూ?” అతను ఇంతగా మాట్లాడగలడని సూదికి తెలియదు. హాల్లో కూర్చుని వాకీటాకీ బ్యాటరీలు మారుస్తూ, మారుస్తున్నవి కొత్తవేనని మరిచి మళ్లీ మార్చింది.

శనివారం చీఫ్‌తో అంది: “నెమలి మీద నాకు నమ్మకం లేదు సార్.”

“కారణం?”

కారణం చెప్పడానికి నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చేది ఏమిటో తనకే తెలిసి మూసేసింది.

“అనుకున్నాను,” అన్నాడు చీఫ్, కళ్లజోడు తుడుచుకుంటూ.

*

ఆదివారం. గద్ద ఇంటి సందు మొదట్లో ‘డ్రైనేజీ మరమ్మతు’ అని రాసి ఉన్న పసుపు వ్యాను. పక్కన తెరిచిన మ్యాన్‌హోల్, చుట్టూ ఎర్ర కోన్లు. వ్యాను లోపల నారింజ రంగు ఓవరాల్స్, హెల్మెట్, చెవులకు హెడ్‌ఫోన్స్‌తో సూది. ఎదురుగా స్క్రీన్ మీద చీఫ్ మొహం.

మైక్రోఫోన్ త్రాసు చేతిలోని నూనె థర్మామీటర్ పిడిలో ఉంది. గద్ద గార్డులు అందరి చెవుల్లోకీ టార్చి వేసి చూస్తారు కాబట్టి అతనికి ఇయర్‌పీస్ పెట్టలేదు. అతను చెప్పేది వీళ్లకు వినిపిస్తుంది. వీళ్లు చెప్పేది అతనికి వినిపించదు.

ప్లాన్ చిన్నది. భోజనం దగ్గర గద్ద ఉంగరం తీసి వెండి పళ్లెంలో పెడతాడు. పక్కనే నిలబడే నెమలి, అచ్చం అలాంటి నకిలీ ఉంగరాన్ని పళ్లెంలో పెట్టి అసలుది తీస్తుంది. వంటింట్లోకి వచ్చి పిండి డబ్బాలో పడేస్తుంది. త్రాసు దాన్ని చూసి ‘ఉప్పు సరిపోయింది’ అని పైకి అంటాడు. అది కోడ్. డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చేస్తాడు.

పదకొండూ ఇరవైకి నెమలి మడమల చప్పుడు వంటింటి గచ్చు మీద వినిపించింది. “అంతా సిద్ధమేనా మాస్టారూ?” పన్నెండుకు మళ్లీ వచ్చింది, నూనె చూసి పోయింది. పన్నెండున్నరకు మూడోసారి వచ్చింది.

“పిండి నన్ను కలపనివ్వండి ఒకసారి. మీ చేతికింద నేర్చుకున్నానని చెప్పుకుంటాను.”

“గోళ్లకు అంటుతుందండీ.”

“అంటనివ్వండి.”

పిండి కలిపే చప్పుడు, అతని మొహమాటపు నవ్వు. సూది పళ్లు కొరికింది. ఏడు నిమిషాలు. తర్వాత: “మొదటి వాయిలోవి ఓ నాలుగు ముక్కలు నాకు డబ్బాలో పెట్టివ్వండి. దారిలో తింటాను.” అట్టడబ్బా మూత పడిన చప్పుడు. సూదికి తొమ్మిదేళ్లలో ఎన్ని ప్రయాణాలో. అతను ఎన్నోసార్లు డబ్బా కట్టబోయాడు, ఆమె టైం లేదని గడప దాటింది. ఆ సంగతి గుర్తొచ్చి కోపం ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియలేదు.

ఒంటిగంటకు గద్ద భోజనానికి కూర్చున్నాడు. భోజనాల గది మైక్రోఫోన్‌కి అందదు. ఒకటీ ఇరవైకి వడ్డించే మనిషి వంటింట్లోకి పరుగున వచ్చి చెప్పాడు: “అయ్యగారు రెండు చేతులతో తింటున్నారు. ఇంకో పళ్లెం పంపమన్నారు.”

చీఫ్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఒకటీ ముప్పై అయిదుకు త్రాసు గొంతు: “ఉప్పు సరిపోయింది.”

“శభాష్,” అన్నాడు చీఫ్. “మిషన్ పూర్తయింది. మీ ఆయన బయటికి రాగానే టీమ్‌ను పంపుతాను.”

“పంపకండి సార్,” అంది సూది. “పిండి డబ్బాలో ఉన్నది అసలు ఉంగరం కాదు.”

“ఏం మాట్లాడుతున్నావ్?”

“నెమలి వంటింట్లోకి మూడుసార్లు వచ్చింది. పదకొండూ ఇరవై, పన్నెండు, పన్నెండున్నర. గద్ద కూర్చుంది ఒంటిగంటకి. వాడు కూర్చున్నాక ఆవిడ వంటింటి గడప తొక్కలేదు. మరి వాడి వేలి ఉంగరం పిండిలోకి ఎలా వచ్చింది? పన్నెండున్నరకు పిండి కలుపుతానని చెయ్యి పెట్టినప్పుడే ఇంకో నకిలీది పడేసింది. ఒకటి మనకి, ఒకటి గద్దకి. అసలుది ఆవిడ దగ్గరే ఉంది. తిన్నగా ఓడకి పోతుంది.”

“ఎన్నిసార్లు వచ్చిందో అంత కచ్చితంగా ఎలా చెబుతావు? రికార్డింగ్ తిప్పి చూడాలి కదా.”

“నా మొగుడి దగ్గరికి ఆవిడ ఎన్నిసార్లు వెళ్లిందో నాకు రికార్డింగ్ అక్కర్లేదు.”

చీఫ్ మెల్లగా అన్నాడు. “సూదీ, ఇది అసూయ.”

“అవును సార్, అసూయే. లెక్క మాత్రం తప్పు కాదు.”

అప్పటికే సందు చివరి గేటు తెరుచుకుంది. తెల్ల కారు బయటికొచ్చింది.

*

సూది హెడ్‌ఫోన్స్ బదులు ఇయర్‌పీస్ పెట్టుకుని వ్యాను దిగి, ‘ఆగుము’ అని రాసున్న ఎర్ర పలక అడ్డం పెట్టింది. కారు ఆగింది. నెమలి అద్దం దించి, హెల్మెట్ కింది మొహాన్ని చూసి నవ్వింది.

“ఈ వేషం నీకు బాగుంది.”

“దిగు.”

వ్యాను వెనక సోదా చేసింది సూది. హ్యాండ్‌బ్యాగు, జుట్టు ముడి, చెప్పుల మడమలు, గౌను అంచుల కుట్లు. కారు సీట్ల కింద, డాష్‌బోర్డులో, స్టెప్నీ లోపల. పదహారేళ్లలో నేర్చుకున్న ప్రతి చోటూ వెతికింది. ఏమీ లేదు.

ఒకటీ యాభై మూడు.

“నీకు మండటం సహజమే,” అంది నెమలి, జుట్టు మళ్లీ ముడేసుకుంటూ. “అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని ఊళ్లు పట్టుకు తిరిగావు. నేను నాలుగు రోజులు కూర్చుని విన్నాను. అంతేగా నా నేరం.”

ఇయర్‌పీస్‌లో చీఫ్: “వదిలెయ్. అసలుది ఆవిడ దగ్గర లేకపోతే ఇంకా గద్ద వేలికే ఉన్నట్టు. ఇక్కడ గొడవైందని తెలిస్తే వాడు నొక్కేస్తాడు. ఆగు. వంటింట్లోకి ఎవరో వచ్చారు. లైన్ కలుపుతున్నాను.”

ఒక బరువైన గొంతు సూది చెవిలో పలికింది. అది గద్దది.

“నువ్వేనా వంటవాడివి?”

“అవునండీ,” అన్నాడు త్రాసు.

“తిని లేచి ఉంగరం పెట్టుకుంటే తేలిగ్గా అనిపించింది. ఎందుకంటావు?”

లోపల తన భర్త ఉన్నాడు. బొద్దింకకు స్టూలెక్కే మనిషి. అతని పక్కన ఆయుధం లేదు, చెవిలో తోడు లేదు. అసలు ఉంగరం ఎక్కడుందో తేలేదాకా టీమ్ కదలదు.

“వేళ్లకు నూనె ఉంటే అన్నీ తేలిగ్గానే అనిపిస్తాయండీ,” అంటున్నాడు త్రాసు. గొంతు వణుకుతోంది కానీ ఆగలేదు. “మూడో వాయి ఇప్పుడే దించాను. వేడి మీద తినాలి ఇది. కూర్చోండి.”

సూది కళ్లు కారు ముందు సీటు మీద పడ్డాయి. అట్టడబ్బా. మూత మీద అతని గుండ్రటి రాత: ‘తినే ముందు మూత తీసి రెండు నిమిషాలు ఆగండి’. ఒళ్లు మండిపోయింది. చెయ్యి పెట్టి డబ్బా తీసుకుంది.

“అది నాకోసం కట్టింది,” అంది నెమలి.

“తెలుసు.”

ఒక ముక్క తీసి కొరికింది. పగతోనే కొరికింది. పైపొర పెళుసుగా విరిగింది, లోపల ఇంకా చల్లారని వెచ్చదనం, ఆ వెనకే తెల్ల మిరియాల ఘాటు ముక్కు దాకా. ఉప్పు. వెల్లుల్లి. ఎక్కడో నీడలా ఆవ. అన్నీ సద్దుమణిగాక, నాలుక చివర, పచ్చి కాడ కొరికినట్టు చిన్న చేదు. ఎర్ర గొడుగు షాపులో కిటికీ పక్క బల్ల కళ్లముందు నిలిచింది.

చెవిలో గద్ద నములుతూ అడుగుతున్నాడు. “ఎలా పట్టుకున్నావు దీన్ని? ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదండీ. మా ఆవిడ కోసం.”

“ఆమెకిష్టమా?”

“తెలీదండీ. ఎప్పుడూ సరిగ్గా తినలేదు. మా ఆవిడ పని మీద తిరుగుతూ ఉంటుంది. ఇంట్లో ఉన్నప్పుడు కూడా సగమే ఉంటుంది. పెళ్లైన కొత్తలో శనివారాలు ఆ షాపుకి వెళ్లేవాళ్లం. అక్కడ కూర్చున్నంతసేపు ఎదురుగా ఉండేది. వేళ్లు నాక్కుంటూ కబుర్లు చెప్పేది. షాపు మూసేశారు. ఈ రుచి వస్తే మళ్లీ కూర్చుంటుందేమోనని.”

సూది నమలడం ఆపేసింది. కళ్లు చెమరిస్తే మోచేత్తో తుడుచుకుని, కసిగా రెండో ముక్క తీసింది. ఇప్పుడు నెమలి నవ్వడం లేదు. ఆమె చూపు సూది మొహం మీద లేదు, డబ్బా మీద ఉంది.

సూది రెండో ముక్క కింద పడేసి డబ్బాలోకి చూసింది. మిగిలినవి రెండు. ఒకటి నిండుగా, ఎర్రగా. రెండోదానికి పైపొర ఒకచోట పగిలి, మళ్లీ అదిమినట్టుంది. పొర పగిలిన ముక్కను త్రాసు చచ్చినా ఎవరికీ పెట్టడు. అలాంటివి తనే తింటాడు.

నెమలి చెయ్యి చాచింది. సూది ఆ చేతిని ఎడమచేత్తో పట్టి మెలితిప్పి, కుడిచేత్తో ఆ పగిలిన ముక్కను తీసి కొరికింది. పంటి కింద లోహం తగిలింది.

“ఉప్పు సరిపోయింది సార్,” అంది నోరు నిండా పెట్టుకుని. “అసలుది నా నోట్లో ఉంది. టీమ్‌ను పంపండి.”

అదే క్షణంలో ఇయర్‌పీస్‌లో గద్ద లేచిన చప్పుడు, కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు. “ఇది నాది కాదు. రాయి నొక్కుతుంటే దిగడం లేదు. ఎవడ్రా నువ్వు?” తర్వాత ఏదో గచ్చు మీద పడి జారిపోయిన చప్పుడు. మళ్లీ ఇంకోసారి. ఆపైన తలుపులు, బూట్లు, అరుపులు. సూది నెమలి చేతికి సంకెళ్లు వేసి, రెండో కొసను వ్యాను హ్యాండిల్‌కి తగిలించి, సందులోకి పరుగెత్తింది.

వంటింట్లోకి వెళ్లేసరికి గద్ద గచ్చు మీద బోర్లా ఉన్నాడు, మీద ఇద్దరు కమాండోలు. పిస్టల్ పొయ్యి కింద పడి ఉంది. జిడ్డు చేతులతో రెండుసార్లు తీయబోయాడు, రెండుసార్లూ సబ్బుబిళ్లలా జారిపోయింది. త్రాసు స్టూలు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో థర్మామీటర్.

“దిగండి,” అంది సూది.

“దిగుతాను. కాళ్లు నా మాట వినడం లేదు.”

ఆమె చెయ్యి అందించింది. అతను దిగి, ఆ చేతికున్న జిడ్డు చూశాడు. మూతి చివర అంటుకున్న పొర పలుకు చూశాడు. భయం సంగతి మరిచిపోయాడు.

“తిన్నావా? ఎలా ఉంది?”

సూది హెల్మెట్ తీసి గట్టు మీద పెట్టింది. బోర్లాపడ్డ కుర్చీ లేపి కూర్చుంది.

“తెల్ల మిరియాలు ఒక చిటికెడు ముందుకొచ్చాయి,” అంది. “వెల్లుల్లి సరిగ్గా ఉంది. ఆవ దాక్కుంది, అక్కడే ఉంచండి. సెలరీ గింజ...” ఒక క్షణం ఆగింది. ఈ మాట అనడం సంకెళ్లు వేయడం కంటే కష్టమైంది. “అది ఆవిడ చెప్పిందే నిజం. అది పడ్డాకే వచ్చింది.”

త్రాసు జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. కమాండోలు గద్దను లాక్కుపోతున్నా తలెత్తకుండా రాసుకున్నాడు. ఆమె కూడా లేవలేదు. నూనె చల్లారేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

*

సోమవారం ఉదయం సూది రిపోర్టు చీఫ్ బల్ల మీద పెట్టింది. నాలుగు పేజీలు. నలభై ముగ్గురూ క్షేమం, ఓడ ఖాళీగా వెళ్లిపోయింది, నెమలి ఇంటరాగేషన్‌లో నోరు విప్పింది. చీఫ్ అన్నీ చదివి, మూడో పేజీలో ఒకచోట ఆగాడు. ‘డబుల్ ఏజెంట్‌ను అనుమానించడానికి కారణం’ అనే గడిలో ఆమె రాసింది: ‘వృత్తిపరమైన అప్రమత్తత’.

ఆయన కళ్లజోడు తీశాడు. తుడవబోయి, మనసు మార్చుకుని మళ్లీ పెట్టుకుని సంతకం చేశాడు. పదహారేళ్ల సర్వీసులో ఆమె రాసిన మొదటి తప్పుడు రిపోర్టు అది. పెళ్లైన ఏజెంట్లు రాసిచ్చి, ఆయన సంతకం పెట్టిన అలాంటి రిపోర్టుల్లో ఇది ఎన్నోదో మాత్రం డిపార్ట్‌మెంట్ ఇప్పటికీ రహస్యంగానే ఉంచింది.